నొప్పి సాయం కాదు

ఓబులేసు మనిషి జాకీ రాడ్డెత్తి ఎర్ర కారు ముక్కు మీద బలంగా ఒక్కటిచ్చాడు. కారుకి అల్లంత దూరంలో, గ్యారేజీ గోడ పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న దస్తగిరి "అమ్మా!" అని ముక్కు పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. టీ గ్లాసు నేల మీద భళ్లుమంది.

కొట్టినవాడే బిత్తరపోయాడు. వాడు కొట్టింది కారుని. అది కూడా మనిషిని కొట్టే ధైర్యం చాలక. పొద్దున కారు పందేల అర్హత పరుగులో దస్తగిరి మలుపు దగ్గర తమ కారుని పక్కకి నెట్టేశాడని ఓబులేసు జట్టు మొత్తం ఇతని గ్యారేజీ మీదికి వచ్చింది. మాటా మాటా పెరిగింది. తోపులాటలో చొక్కాలు చిరిగాయి. ఆ ఊపులో రాడ్డు లేచింది. ఇనుమే కదా, దానికేం నొప్పి అనుకున్నాడు పాపం.

ఓబులేసు మాత్రం బిత్తరపోలేదు. నల్లపులి జట్టు యజమాని అతను. లారీల వ్యాపారంలో పైకొచ్చినవాడు, ఎదుటివాడిని ఒక్క చూపుతో తూకం వేసేస్తాడు. పడిపోయిన దస్తగిరిని చూశాడు. కారు వంక చూశాడు. దస్తగిరి ముక్కు నుంచి నెత్తురు చుక్క రాలేదు, అయినా గిలగిల కొట్టుకుంటున్నాడు.

"రేయ్, ఇంగోటి కొట్టు" అన్నాడు నింపాదిగా. "ఈసారి ముందు చక్రం మీద."

రాడ్డు చక్రం మీద పడింది. దస్తగిరి కుడి మడమ పట్టుకుని ముడుచుకుపోయాడు.

మూడో దెబ్బ పడనివ్వలేదు మాబున్ని. ఆమె దస్తగిరికి అక్క, ఆ కారుని తయారుచేసిన ఇంజనీరు, చేతిలో వీల్ స్పానర్ ఉంది. నలుగురూ ఏమనుకుంటారో అని ఆగే మనిషి కాదు. స్పానర్ తిప్పి రాడ్డు పట్టుకున్నవాడి మోచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. వాడు చెయ్యి వేలాడేసుకుని గోలపెడుతుంటే మిగతావాళ్లు ఆమె మీద పడ్డారు. ఎవరిదో గుద్దు తగిలి ఆమె కింది పెదవి చిట్లింది. కాపలావాళ్లు వచ్చి అందర్నీ విడదీసేసరికి గ్యారేజీ పెళ్లి విడిది చివరి రోజులా ఉంది.

"నా తమ్ముణ్ణి కొట్టిస్తావా?" అంది మాబున్ని నెత్తురు ఉమ్ముతూ.

"నీ తమ్ముణ్ణా?" ఓబులేసు నవ్వాడు. "మావోడు కొట్టింది కారునమ్మా. కారును కొడితే నీ తమ్మునికి ఏంటికి తగిలిందో కొంచెం చెప్పు. నాకు గాదు, తనిఖీ ఆఫీసరుకు చెప్పు పో."

అలా బయటపడింది, ఏడాదిగా ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పని సంగతి.

మాబున్ని చేసింది ఒక తోలు. అనంతపురంలో కృత్రిమ కాళ్లు తయారుచేసే ప్రయోగశాలలో ఆమె పని. ఉల్లిపొరంత పలచటి పొరని ప్లాస్టిక్ కాలికి అంటిస్తే, ఆ కాలు తొక్కిన రాయి, ఇసుక, తడి అన్నీ మనిషికి తెలిసేవి. మెడ వెనక చర్మం కింద చింతగింజంత ముక్క ఒకటి అమర్చాలి, అంతే. మధ్యలో తీగ లేదు. మొదటిసారి ఒక రైతు ఆ కాలితో నడిచి, "తల్లీ, నేల సల్లగుండాదే" అని ఏడ్చాడు. మాబున్ని కూడా ఏడ్చింది. ఆ వారంలోనే ఆయన కాలు తలుపు సందులో ఇరుక్కుంది. మామూలు కాలైతే నొప్పి పుట్టగానే వెనక్కి లాక్కుంటాం. ఇరుక్కున్నది ప్లాస్టిక్ కాలు, అది నలుగుతున్నంతసేపూ నొప్పి పంపుతూనే ఉంది. ఆయన తెలివితప్పి, మాట పడిపోయి, మళ్లీ మనిషి కావడానికి చాలా రోజులు పట్టింది. అప్పుడు పెట్టింది మాబున్ని ఒక ఫ్యూజు. నొప్పి ఒక హద్దు దాటితే దాన్ని అదే కోసేస్తుంది, సర్దుకున్నాక మళ్లీ అదే కలుపుతుంది.

అదే తోలుని తమ్ముడి కారుకి వేసి, వాడి మెడ వెనక గింజ అమర్పించింది. చక్రాలకి, వాటిని పట్టి ఉంచే చువ్వలకి, ముక్కుకి, పక్కలకి, వెనక భాగానికి. టైరు జారబోతోందంటే దస్తగిరికి తన అరికాలు జారుతున్నట్టే ముందుగా తెలిసిపోయేది. పెనుకొండ కింది మైదానంలో వేసిన పందేల ట్రాక్ మీద, దక్కను పందేల్లో అతను వరసపెట్టి గెలిచాడు. టీవీల వాళ్లు వాడికి దేవుడిచ్చిన కాళ్లన్నారు. ఆ మాట విని ఇంట్లో అక్కాతమ్ముళ్లు పడీపడీ నవ్వుకున్నారు.

మోసం కాదా అంటారా? కారు పందేల్లో ఒక అలవాటుంది. రూలు పుస్తకంలో ఏముందో అందరూ చదువుతారు, ఏం లేదో చదివినవాడు గెలుస్తాడు. తోలు వేయకూడదని పుస్తకంలో లేదు. ఓబులేసు కూడా అంతకుముందు ఏడాది పుస్తకంలో లేని గాలిరెక్క ఒకటి కారు వెనక తగిలించి కప్పు కొట్టాడు.

మధ్యాహ్నం విచారణ. రేకుల గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. తనిఖీ ఆఫీసరు నాగలింగప్ప బల్ల వెనక కూర్చున్నాడు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరి దగ్గరా టీ కూడా తాగడు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

"డ్రైవరుకు సాయపడే ఎలక్ట్రానిక్ పరికరం ఏదీ కారులో ఉండకూడదు. రూలు ఇదమ్మా" అన్నాడు. "నీ తోలు సాయం కాదని చెప్పగలవా?"

చెప్పగలదు. మాబున్నికి వాదన అంటే మహా ఇష్టం. లేచి నిలబడింది.

"సార్, సాయమంటే ఏంది? బ్రేకు తనంతట తాను పట్టేది సాయం. చక్రం జారకుండా ఇంజన్ని తగ్గించేది సాయం. నా తోలు కారును ముట్టుకోదు. బ్రేకు మా వాడే తొక్కల్ల, స్టీరింగు మా వాడే తిప్పల్ల. తోలు చేసేదల్లా ఒకటే, వానికి నొప్పి పెట్టేది. గులకరాయి తగిల్తే మడమలో మేకు దిగినట్టుంటాది. టైరు కాగితే అరికాలు కాల్తాది. పందెం అయినాక చూడండి, రెండు రోజులు మంచం దిగడు. పక్క డ్రైవర్లకు లేని బాధ అది. బాధను సాయమంటారా ఎవరన్నా? నొప్పి సాయం కాదు సార్."

 నాగలింగప్ప తల ఊపాడు, గెలిచాననుకుంది మాబున్ని.

"బలే చెప్పినావు పాపా" అన్నాడు ఓబులేసు వెనక నుంచి. "మా వాళ్లు నీ కారు ఫొటోలు తీసినార్లే. సీటు వెనకాల నల్ల డబ్బీ ఉండాది, దాంట్లో ఇంగో చిన్న డబ్బీ. అదేంది?"

మాబున్ని గర్వంగానే చెప్పింది. పెద్ద డబ్బీ తోలుకి తగిలిందంతా దస్తగిరి మెడకి పంపేది, చిన్నది ఫ్యూజు. ఫ్యూజు గురించి, హద్దు గురించి, దానంతటదే ఎలా కోస్తుందో, ఎలా కలుపుతుందో మొత్తం చెప్పింది. చెబుతూ చెబుతూ నాగలింగప్ప ముఖం చూసి ఆగిపోయింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, నొప్పి సాయం కాదని నువ్వే అంటివి. నేనూ ఒప్పుకుంటి. అట్లయితే నొప్పిని తగ్గించేది సాయమే కదమ్మా."

ఆయన పుస్తకంలో రూలున్న పేజీ తీశాడు. 

"డ్రైవరు చెయ్యి తగలకుండా, దానంతటదే పనిచేసి, డ్రైవరుకు మేలు చేసేది. రూలు ఇట్లాంటి దానికోసమే రాసినారు. తోలు ఉండచ్చు. ఫ్యూజు ఉండకూడదు."

"ఫ్యూజు లేకుంటే మనిషి చస్తాడు సార్!"

"అయితే తోలు తీసేయి."

"తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే గదా సార్" అన్నాడు ఓబులేసు. "ఏడాదంతా దొంగబండి తోలినట్టే గదా."

నాగలింగప్ప చాలాసేపు పుస్తకం తిరగేశాడు. ఆఖరికి తీర్పు చెప్పాడు. రేపటి చివరి పందెంలో తోలుతో, ఫ్యూజు లేకుండా దిగితే కారు చట్టబద్ధమే, పాత పందేల్లో ఫ్యూజు తెలియక చేసిన తప్పని ఆ గెలుపులు తిరగదోడరు. దిగకపోయినా, తోలు తీసేసినా, పందెం తరవాతి తనిఖీ ముగిసేలోగా నల్ల డబ్బీకి వేసే సీలు తెగినా ఏడాది గెలుపులన్నీ కొట్టేస్తారు, దస్తగిరి జన్మలో మళ్లీ పందెం కారు ఎక్కకూడదు.

"నేను రూలు రాయలేదమ్మా" అన్నాడు లేస్తూ. "చదువుతా, అంతే."

ఎంత హాయైన మాట! ఆ ఒక్క ముక్క అనేసి ఎంతమంది చేతులు కడుక్కున్నారో ఈ లోకంలో.

సాయంత్రం మాబున్ని ప్రయోగశాలకి వెళ్లింది. ఇనప గొట్టానికి తోలు ముక్క చుట్టి, బల్లకున్న వైసు దవడల మధ్య బిగించింది. తన మెడలో గింజ లేదు కాబట్టి రెండో కొసని తీగతో తన కుడి మణికట్టుకి తగిలించుకుంది. ఫ్యూజు ఉంచి వైసు తిప్పింది. చెయ్యి నలిగినట్టయి, కరెంటు పోయినట్టు నొప్పి ఆగిపోయింది. ఆ తరవాత ఫ్యూజు తీసేసి మళ్లీ తిప్పింది.

ఆ తరవాత ఆమెకి గదిలో ఏదీ సరిగా గుర్తులేదు. ఎవరో అరుస్తున్నారు, అది తనే. వైసు విప్పాలంటే చెయ్యి కావాలి, ఆ చేతి నిండా నొప్పే. కాలితో తన్ని ప్లగ్గు ఊడదీసేసరికి నేల మీద పడి ఉంది. నొప్పి ఆగింది. కానీ కుడి చెయ్యి లేదు. కళ్లకి కనబడుతోంది, వేళ్లు కదులుతున్నాయి, అయినా అది పక్కింటివాళ్ల చెయ్యిలా ఉంది. గోరుతో గిచ్చింది, ఏమీ తెలియలేదు. మెదడు ఆ చేతిని విసిరి పారేసింది. కాసేపటికి మెల్లగా వచ్చిందనుకోండి. అంతలో ఆమె చెమటతో తడిసి ముద్దయింది.

హిందూపురంలో ఇల్లూ, లారీల షెడ్డూ ఒకే గోడకి అటూ ఇటూ. తండ్రి పోయాక షెడ్డు నడిపేది తల్లి ఖాసింబీయే. మాబున్ని వెళ్లేసరికి ఆమె కొడుకు ముందు బొరుగుల ఉగ్గాని ప్లేటు పెట్టి, బజ్జీలు వేస్తూ తిడుతోంది.

"తినరా! ముక్కు ఊర్కే పట్టుకుంటావేమి? దెబ్బ ల్యా, వాపు ల్యా. మీ ఇద్దరూ నాకేదో దాస్తాండారు."

"రేపు నువ్వు దిగడం లేదు" అంది మాబున్ని గడపలోంచే.

దస్తగిరి తలెత్తలేదు. "నాగలింగప్ప సారు ఫోన్ చేసినాడు. దిగుతాండానని చెప్పినా."

"నేను ఇప్పుడే నా చేతి మీద చూసుకున్యానురా. చెయ్యి పోయింది కాసేపు. నీకు చెయ్యి కాదు, ఒళ్లంతా. మెదడు తట్టుకోలేక కాళ్లను మర్చిపోతాది, అర్థమయితాందా?"

ప్లేటు గోడకి తగిలి బొరుగులు చెల్లాచెదురయ్యాయి.

"టీవీలో చూసినావా?" దస్తగిరి అరిచాడు. "దొంగ దస్తగిరి అని ఏస్తాండారు! బజారులో టీ తాగేకి పోతే ఒకడు నా మొగాన ఉమ్మినాడు. నా మొగానక్కా! నొప్పి సాయం కాదని సెప్పింది నువ్వే కదా? భరించింది నేను. ఏడాదంతా భరిస్తి. ఇప్పుడు ఇంగొక్క పొద్దు భరించలేనా?"

"భరించేది కాదురా అది."

"దిగకుంటే నేనొక్కన్నే దొంగ అయ్యేది కాదు. నీ తోలు దొంగతోలు అయితాది. రేపు కాల్లేనోళ్లకు పెడ్తామంటే పెట్టనిస్తారా ఎవరన్నా?"

ఖాసింబీ చట్టి దించేసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకి రూలు తెలియదు, ఫ్యూజు తెలియదు. "వద్దంటాంది కదరా అక్క, వద్దులే" అంది. ఆ ఒక్క మాటలో ఉన్న తెలివి ఆ పూట ఇంకెవరికీ లేకపోయింది.

 తోలు గురించి వాడన్న మాట మాబున్నికి సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. తన తోలు చట్టబద్ధమని ఒక్కసారి తేలితే చాలు, ఎక్కడెక్కడి ఆసుపత్రులో అడుగుతాయి, ఎంతమంది నేల చల్లగా ఉందంటారు అని ఆమె లోపల్లోపల లెక్క కట్టుకుంటోంది. తమ్ముడి మీద ప్రేమ లేక కాదు. ఆ మాట తియ్యగా ఉంది, అందుకు ఊరుకుంది. ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే.

మర్నాడు పందేనికి ముందు తనిఖీ. మాబున్ని కటింగ్ ప్లేయర్ తీసి అందరి ముందూ ఫ్యూజు కత్తిరించి నాగలింగప్ప చేతిలో పెట్టింది. ఆయన నల్ల డబ్బీకి తీగ చుట్టి సీసం ముద్ర వేశాడు. అయిపోయిందనుకుంటే ఓబులేసు ముందుకొచ్చాడు.

"లోపల ఇంగో ఫ్యూజు దాసిపెట్టలేదని నమ్మకమేంది సార్? పరీక్ష చేయల్ల. ఫిర్యాదు ఇచ్చినోన్ని, అడిగే హక్కు నాకుండాది."

హక్కుంది మరి. పరీక్ష ఎలా చేస్తారో పుస్తకంలో లేదు. నాగలింగప్ప ఆలోచించి ఆలోచించి సుత్తి తెప్పించాడు. ఒక దెబ్బ, దాని తరవాత అంతకు రెట్టింపు దెబ్బ. నొప్పి కూడా రెట్టింపయితే లోపల ఫ్యూజు లేనట్టు.

దస్తగిరి కారు పక్కన నిలబడి, బనీను మడిచి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. మొదటి దెబ్బకి మోకాళ్ల మీద పడ్డాడు. నాగలింగప్ప ఆగిపోయాడు. 

"కానీండి సార్" అన్నాడు దస్తగిరి బనీను తీసి. "నేను దొంగను కాదని వీళ్లకు తెలియాల."

రెండో దెబ్బకి అతని గొంతులోంచి వచ్చిన అరుపు విని, నిన్న రాడ్డెత్తిన మనిషి, కట్టుకట్టిన చేత్తోనే చెవి మూసుకున్నాడు. దస్తగిరి నేల మీద వాంతి చేసుకున్నాడు. నాగలింగప్ప సుత్తి పారేసి, కారు మీద పచ్చ కాగితం అంటించాడు. చట్టబద్ధం.

ఇక పందెం. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ చెప్పాలి. వేగంగా పోయేవాడు గెలిచేది మామూలు పందెం. ఆ రోజు అది పందెం కాదు. ఎర్ర కారుని తాకితే లోపలివాడికి తగులుతుందని డ్రైవర్లందరికీ తెలిసిపోయింది. పందెంలో ఒకదానికొకటి రాసుకోవడం తప్పు కాదు, అదీ రూలే. మొదటి మలుపులోనే ఒకడు వెనక నుంచి పొడిచాడు. ఇంకొకడు పక్క నుంచి రుద్దుకుంటూ పోయాడు. హెడ్‌ఫోన్‌లో తమ్ముడి ఊపిరి వింటూ మాబున్ని మైకులో అరిచింది.

"ఆపేయిరా. పక్కకు తీసి ఆపు."

"నడుము... నడుము మీద కొట్నాడక్కా... పర్లేదు... ముందు ఎవరుండారు?"

"ఎవరూ లేరు, నువ్వే ముందుండావు. ఆపరా నీకు దణ్ణం పెడతా!"

అవతల నుంచి నవ్వులాంటిది వినబడింది. అంత నొప్పిలోనూ, బహుశా అంత నొప్పి వల్లే, అతను ఎన్నడూ పోనంత వేగంగా పోతున్నాడు. ప్రతి గులకరాయీ తెలుస్తోంది. నల్లపులి డ్రైవరు అశ్వత్థ వెనకే ఉన్నాడు, కొడుతూనే ఉన్నాడు. ఆఖరి చుట్టులో ఎడమ వెనక చక్రం సగం ఊడింది. కాలు మొదలంటా పెరికినట్టు అరుస్తూ దస్తగిరి గీత దాటాడు. అతనే మొదటివాడు. గీత దాటిన వెంటనే అశ్వత్థ ఆపుకోలేకో, ఆపుకోవాలని లేకో, నిండు వేగంతో వచ్చి గుద్దాడు. ఎర్ర కారు గాల్లో లేచి గోడకి కొట్టుకుని, పక్కకి దొర్లి, ముక్కు నలిగి, పొగలు కక్కుతూ ఆగింది.

జనం దస్తగిరిని బయటికి లాగారు. ఒంటి మీద గీతలు తప్ప ఏమీ లేవు. కారుకి మంటలు అంటుకోకుండా నురగ కొట్టారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టిన మనిషి విల్లులా వంగిపోతున్నాడు. డాక్టరు ఇంజెక్షను పొడిచాడు, మళ్లీ పొడిచాడు.

"ఇది ఒంట్లో నొప్పి కాదండీ, మందు దేనికి పనిచేస్తుంది?" అన్నాడు డాక్టరు నిస్సహాయంగా.

నొప్పి అదిగో, అక్కడుంది. గోడ పక్కన, నలిగిన ఇనుములో. మడత పడ్డ చువ్వలు, ఊడి వేలాడుతున్న చక్రం, అన్నీ పంపుతూనే ఉన్నాయి. మాబున్ని పరుగెత్తింది. కారు చుట్టూ అప్పటికే తాడు కట్టేశారు. గెలిచిన కారుని తనిఖీ పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. క్రేను వచ్చింది. కారుని లేపి కాటా మీద పెట్టాలి, చక్రాలు విప్పి కొలవాలి. కొక్కెం తగిలించి అలా లేపగానే స్ట్రెచర్ మీద దస్తగిరి కేక మైదానమంతా పాకింది.

"దించండి! దించండి!"

"త్వరగా ముగిస్తానమ్మా" అన్నాడు నాగలింగప్ప. ఆయన ముఖం పాలిపోయి ఉంది. "చక్రాలు విప్పేదొకటే ఆలస్యం."

"చక్రాలు ఇప్పుతారా? అవి వాని కాళ్లు సార్!"

ఆమె తాడు కిందనుంచి దూరింది. నల్లపులి జట్టువాళ్లు అడ్డం రాలేదు, పైగా దారి ఇచ్చారు. ఓబులేసు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. "తెంచు పాపా, తెంచు" అన్నాడు మెత్తగా. ఆమె వెనక్కి తిరిగి ఉన్న బలమంతా పెట్టి అతని మూతి మీద గుద్దింది. పన్ను విరిగి ఆమె వేలి కణుపులో గుచ్చుకుంది. ఆ సుఖం కూడా ఎంతసేపు?

"అక్కా, తెంచొద్దు!" దూరం నుంచి దస్తగిరి గొంతు, గీరుకుపోయి, మనిషి గొంతులా లేదు. "గెలిచినానక్కా... తెంచొద్దు... నేను దొంగను కాను!"

నాగలింగప్ప ఆమెకీ డబ్బీకీ మధ్య నిలబడ్డాడు. "నువ్వు తెంచితే నేను రాయాల్సొస్తుందమ్మా."

"రాసుకోండి."

ఆయన ఒక్క క్షణం నిలబడి, పక్కకి తప్పుకున్నాడు. మాబున్ని సీసం ముద్రని పట్టి పీకింది, మూత లేపింది, లోపలి తీగని ఒక్క లాగు లాగింది.

దస్తగిరి కేక ఒక్కసారిగా తెగిపోయింది. ఆమె వెనక్కి పరుగెత్తేసరికి దస్తగిరి కళ్లు తెరుచుకుని ఆకాశం కేసి చూస్తున్నాడు. నొప్పి లేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. మాబున్ని అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

"అక్కా" అన్నాడు మెల్లగా. "నా కాళ్లు యాడికి పోయినాయి?"

కాళ్లు అక్కడే ఉన్నాయి. దెబ్బ కూడా తగలని కాళ్లు. ఆమె పిక్క మీద చెయ్యి వేసి నొక్కింది, అతనికి తెలియలేదు. ఏడాది పాటు చక్రాలే తన కాళ్లనుకున్న మెదడు, అంత నొప్పిలో అసలు కాళ్లని పూర్తిగా మరిచిపోయింది. ఇప్పుడు చక్రాలూ లేవు.

"ఎందుకు తెంచినావు?" అన్నాడు. ఆ తరవాత అక్కతో మాట్లాడటం మానేశాడు.

నాగలింగప్ప రాశాడు. కారు చట్టవిరుద్ధం, గెలుపులన్నీ రద్దు. ఆసుపత్రుల్లో నరాలన్నీ బాగానే ఉన్నాయన్నారు. నెలలు గడిచినా కాళ్లు తిరిగి రాలేదు. దస్తగిరిని ఇంటికి తెచ్చి, షెడ్డు గోడకి ఆనుకుని ఉన్న గదిలో మంచం వేశారు. తిండి తినేవాడు కాదు. రోజంతా దుప్పటి కింద కాళ్లున్న చోటు కేసి చూస్తూ ఉండేవాడు. ఒకరోజు తల్లిని దగ్గరికి పిలిచి, "నొప్పున్నా పర్వాల్యాదమ్మా, నా కాళ్లు నాకు కావాల. అక్కకు సెప్పు" అన్నాడు. అక్క అదే గదిలో, తలుపు దగ్గరే నిలబడి ఉంది.

తుక్కు కింద పారేసిన ఎర్ర కారుని మాబున్ని లారీలో వేయించుకుని షెడ్డుకి తెచ్చింది. తోలు చిరిగినచోట అతికింది. నల్ల డబ్బీలో ఫ్యూజు పెట్టింది, ఇప్పుడు వద్దనేవాళ్లెవరూ లేరు. నలిగిన చువ్వల్ని కాచి ఒక్కొక్కటే మెల్లగా సరిచేసింది. ఎడమ వెనక చక్రం దొరకనే లేదు. అంతా అయ్యాక తీగ కలిపింది.

గోడ అవతల దస్తగిరి గట్టిగా ఊపిరి తీసుకోవడం వినబడింది.  ఆ తరవాత, "అమ్మా! వచ్చినాయే! కుడికాలు గుంజుతాందమ్మా!" అన్నాడు.

ఖాసింబీ నూనె గిన్నె తెచ్చుకుని కారు ముందు చతికిలబడి, కుడి ముందు చక్రాన్ని పసివాడి కాలు పట్టినట్టు ఒళ్లోకి జరుపుకుని, తోలు మీద మెల్లగా రాయడం మొదలుపెట్టింది. గోడ అవతల దస్తగిరి ఏడుస్తున్నాడు. నొప్పితో కాదు. "మెల్లగమ్మా, ఆడ ఇరిగిండాది" అంటున్నాడు. చాలా రోజులకి ఆ ఇంట్లో అతని గొంతు గొంతులా వినబడింది.

కాసేపటికి బయట ఎవరో లారీవాళ్లు పిలిచారు. ఖాసింబీ చేతులు తుడుచుకుంటూ లేచి, నువ్వు పట్టు అన్నట్టు కూతురికి సైగ చేసి వెళ్లింది. మాబున్ని ఆ చోటులో కూర్చుంది. చేతికి నూనె రాసుకుని, భయం భయంగా చక్రం మీద వేసింది.

"ఆడ కాదమ్మా" అన్నాడు దస్తగిరి గోడ అవతల నుంచి, మగతగా, చిన్నప్పటి గారంతో. "ఇంగొంచెం కిందికి."

మాబున్ని మాట్లాడకుండా చెయ్యి కిందికి జరిపింది.